మా వదిన అడిగిన మాట

మా మనవరాలు ఎనిమిదో తరగతి. పోయిన సంవత్సరం వాళ్ళ సోషల్ టీచరు పిలకాయలందరికీ ఒక పని పెట్టింది. దేశం కోసం పాటుపడినోళ్ళలో ఒక్కొక్కరూ ఒకరిని ఎంచుకోవాల. వాళ్ళ సంగతులన్నీ విచారించి తెలుసుకోవాల. ఒక రోజు స్కూల్లో ఆ వేషం కట్టుకుని బొమ్మ మాదిరి కదలకుండా నిలబడాల. చూసే దానికి వచ్చినోళ్ళు ముందర ముక్కాలిపీట మీదుండే ఎర్ర కాగితం బిళ్ళని తాకితే, బొమ్మకి ప్రాణమొచ్చి "నేను ఫలానా, ఇట్టా బతికినాను, ఇట్టా చేసినాను" అని చెప్పాల. చెప్పడం అయిపోతే మళ్ళీ బొమ్మ అయిపోవాల.

పిల్ల ఇంటికొచ్చి ఇదంతా చెప్తా ఉంటే నేను పెరట్లో చేపలు కడగతా ఉన్నాను. మా వదిన గడప పక్కన కూర్చుని చింతపండులో గింజలు తీస్తా ఉంది. వదినంటే మా ఇంటాయనకి అక్క. తొంభైకి దగ్గర పడింది. మొగుడు పోయినాక పుట్టిల్లని ఈ ఇంటికే వచ్చేసింది. పిల్ల నన్ను జేజి అంటది, ఆమెని పెద్దజేజి అంటది.

"చచ్చిపోయినోళ్ళు తాకితే పలకతారా?" అంది వదిన.

"పలకతారు పెద్దజేజీ. నిమిషం సేపు."

"ఆ తరవాత?"

"ఇంకెవురన్నా తాకేదాకా గమ్మునుంటారు."

"మన పేరంటాళ్ళే నయం కదమ్మా. అడిగిందానికి బదులన్నా చెప్తారు" అంది వదిన.

మా పక్క, ముత్తైదువగా పోయిన ఇంటి ఆడమనిషిని పేరంటాలంటారు. ఏ పండగనాడో ఆమె ఇంట్లో ఎవురి మీదికన్నా వస్తే, పసుపు కుంకుమ ఇచ్చి, తమలపాకులు చేతిలో పెట్టి, మనసులో ఉండేది అడగతారు. నమ్మేవాళ్ళు నమ్ముతారు, నవ్వేవాళ్ళు నవ్వుతారు. వదిన ఆ పొద్దు నవ్వతానే అనింది. నేనూ నవ్వినాను.

క్లాసులో అప్పటికే ముగ్గురు రాణులు తయారైపోయినారంట. ముగ్గురికీ గుర్రం కావాలంట. అట్ట గుర్రం చూస్తే ఒకటే ఉంది. అందుకని టీచరు మా పిల్లతో, "నువ్వు మీ ఊళ్ళోనే వెతుకు. పంచాయితీ ఆఫీసు ముందర రాయి ఉంది గదా, దాని మీద పేర్లు ఎప్పుడన్నా చదివినావా?" అనింది. ఆ రాయి చుట్టూ మేకలు పడుకుంటాయి, రొయ్యల గుంటల దగ్గరికి పోయే మేత బస్తాలు దించతారు. చదివేది ఎవురు? పిల్ల పోయి చదివింది. కడాకరి పేరు వాళ్ళ తాతోళ్ళమ్మది. అంటే మా అత్తది.

మా అత్త ఏం చేసిందో ఊరందరికీ తెలుసు. తెల్లోళ్ళు దేశం విడిచి పోవాలని గొడవలు జరగతా ఉన్న కాలంలో, ఆమె ఇంకో ఇద్దరు ఆడోళ్ళతో కలిసి సర్కారోళ్ళు ఉప్పు నిలవచేసే కొటారు మీద జెండా కట్టింది. పోలీసులు కొట్టినారు. దింపమంటే దింపలేదు. పట్టుకుని అరవదేశంలో ఆడోళ్ళ జైల్లో పెట్టినారు. తప్పయిందని ఒక్క మాట అంటే వదిలేస్తామన్నారు. మిగతా ఇద్దరూ అని ఇంటికొచ్చేసినారు. మా అత్త అనలేదు. ఊళ్ళో చెప్పుకునేది ఇంతవరకే.

మిగతాది నాకు వదిన చెప్పింది, ఒక్కసారే. నా పెద్దకొడుక్కి జొరమొచ్చి ఒళ్ళు కాలిపోతా ఉంటే నా పక్కన కూర్చుని తడిగుడ్డ వేస్తా చెప్పింది. అత్త జైలుకి పోయేనాటికి వదినకి ఆరేళ్ళు. ఆమె కింద ఒక తమ్ముడు, చంటోడు, అప్పుడే అడుగులేస్తా ఉండేవాడు. మా ఇంటాయన ఇంకా పుట్టలేదు. తల్లి జైలుకి పోయినాక చంటోణ్ణి మోసింది ఈ ఆరేళ్ళ పిల్లే. వాడికి జొరం పట్టుకుంది, వదల్లేదు. అప్పుడు మా మామ జైలుకి చూడబోతా వదినని కూడా తీసకపోయినాడు. పోయేముందు వాళ్ళ జేజి పిల్లని కూర్చోబెట్టుకుని, "మీయమ్మ అడిగితే తమ్ముడు బాగుండాడని చెప్పు. లేకపోతే అది మెత్తబడిపోయి, తప్పయిందని చెప్పొచ్చేస్తది. ఊళ్ళో మనం తలెత్తుకోలేం" అని చెప్పి పంపిందంట.

కటకటాల అవతల్నించి మా అత్త తొలీత అడిగింది అదే. "తమ్ముడు బాగుండాడా?"

"బాగుండాడు" అనింది వదిన.

అత్త ఇంటికి తిరిగొచ్చేటప్పటికి చంటోడు లేడు.

"నేను బాగలేడని చెప్పుంటే వచ్చేసుండేది కదా అమ్మాయ్" అనింది వదిన నాతో, గుడ్డ పిండతా. అంతే. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. వాళ్ళమ్మనీ ఎప్పుడూ అడగలేదు. తల్లీ కూతుళ్ళు ఒక చాప మీద కూర్చుని పప్పులు బాగుచేసుకునేవాళ్ళు, ఊళ్ళో సంగతులన్నీ మాట్లాడుకునేవాళ్ళు, ఈ ఒక్కటీ తప్ప. అత్త పోయిన పొద్దు వదిన ఆమె కాళ్ళు పట్టుకుని, ఏడవకుండా, ఏదో అడగాలన్నట్టు మొగం వంకే చూస్తా ఉండిపోయింది. ఆ చూపు నా కళ్ళలో ఇంకా ఉంది.

ఇక పిలకాయలు ఇంటి మీద పడ్డారు. మా పిల్ల, దాని స్నేహితురాళ్ళు ఇద్దరు, ఫోను నా నోటి దగ్గర పెట్టి అడగడం.

"జేజీ, ఆమెకి బాగా ఇష్టమైన తిండి ఏంది?"

"సంగటి. అందులోకి ఎండుచేపల పులుసు."

వాళ్ళ మొగాలు వాడిపోయినాయి. ఉపవాసాలు, నూలు వడకడం, ఇట్టాంటివి చెప్తానని ఎదురుచూసినట్టుండారు.

"కోపం వస్తే ఏమనేది?"

"ఏమీ అనేది కాదు. చీపురు తీసకోని ఊడిచిన వాకిలే మళ్ళీ ఊడిచేది."

"ఫోటో లేదా జేజీ?"

ఫోటో లేదు. తీయించుకోమని మా ఇంటాయన ఎంత బతిమాలినా, "నన్ను చూడాలంటే ఈడనే ఉన్నాను గదరా" అనేది. అందుకని ఆమె ఎట్టుండేదో నేనే చేసి చూపించినాను. కొప్పు ఎంత కిందికి వేసేదో, కొంగు ఎట్టా దోపుకునేదో, మాట్లాడబోయే ముందు రవంత గాలి పీల్చుకుని ఆగడం. నడక కూడా. ఆమె ఎడం చెయ్యి ఒంటికి ఆనకుండా, మోచెయ్యి మడిచి, ఎడంగా పెట్టుకుని నడిచేది. "లాఠీ దెబ్బకి ఆ చెయ్యి అట్టా అయిపోయింది" అని చెప్పినాను. ఊళ్ళో అందరూ చెప్పేది అదే, నేను నమ్మిందీ అదే. పిలకాయలు సంతోషపడినారు. వాళ్ళకి కావాల్సింది దొరికింది.

మా పిల్లకి అనుకరించే గుణం ఉంది. కోడలు ఎట్టా దగ్గుద్దో, చేపలామె ఎట్టా బేరమాడద్దో చేసి నవ్విస్తది. వారం తిరక్కుండానే మా అత్త నడక పట్టేసింది. ఒక సాయంత్రం నా పాత నేత చీరె చుట్టుకుని, కొప్పు వేసుకుని, వసారాలో ఈ చివర్నించి ఆ చివరికి నడిచింది. నా చేతిలో చేట జారిపోయింది. నేనే నేర్పినాను, నేనే భయపడినాను.

వదిన మంచం మీద పడుకోనుంది. లేచి కూర్చుంది.

"ఎవురు నేర్పినారే నీకది?"

"జేజి. లాఠీ దెబ్బ తగిలిన చెయ్యి కదా పెద్దజేజీ."

"దెబ్బ పడింది కుడి భుజం మీద" అనింది వదిన. "ఎడం చెయ్యి అట్టా పెట్టడం జైల్లోనించి వచ్చినాకనే."

అని గోడ వైపు తిరిగి పడుకుంది. పిల్ల నా వంక చూసింది. చెయ్యి దించలేదు. అప్పుడు చూసినాను నేను, ఇన్నేళ్ళు ఆ చెయ్యిని చూస్తా చూడని దాన్ని. బిడ్డని చంకనెత్తుకున్న తల్లి చెయ్యి అట్టనే ఉంటది. బిడ్డ లేడు, అంతే తేడా.

ఆ తరవాత కొన్నాళ్ళు ఇల్లు ఇల్లుగా లేదు. పిల్ల ఏ గదిలో నడస్తా ఉన్నా, వదిన తల ఆ పక్కకి తిరగతా ఉండేది. మాటలు వల్లెవేస్తా ఉంటే ఇవతల వదిన పెదాలు కదిలేవి. రొయ్యల గుంటల్లో నీళ్ళు చిలికే మిషన్ల చప్పుడు మాకు అలవాటే, పగలూ రాత్రీ ఉండేదే. అది ఆగినప్పుడల్లా ఎవురో ఇప్పుడే లోపలికొచ్చి నిలబడినట్టుండేది నాకు.

స్కూలుకి రానని వదిన ముందే చెప్పింది. ఆ పొద్దు చూస్తే, తెల్లారేసరికే తలంటుకుని, పెట్టెలో చీరె కట్టుకుని, ఒళ్ళో చిన్న బుట్ట పెట్టుకుని అరుగు మీద కూర్చోనుంది.

"బుట్టలో ఏందొదినా?"

"ఏదో ఒకటిలే. ఆటోని పిలిపించు."

స్కూల్లో పెద్ద గదిలో గోడవారనే నిలబడినారు పిలకాయలు. ఒక తాతకి దూది గడ్డం ఊడొస్తా ఉంది, ఊపిరి బిగబట్టి కాపాడుకుంటా ఉండాడు. అట్ట కత్తి పట్టుకున్న రాణి చెయ్యి వణకతా ఉంది. వదిన దూది గడ్డం దగ్గర ఆగి బిళ్ళని తాకింది. వాడు గడగడా చెప్పేసినాడు. "మంచిది నాయనా, కాసేపు కూర్చో, కాళ్ళు లాగతాయి" అనింది. ఆ గది అంతా నవ్వినారు. వాడు మాత్రం నవ్వలేదు, బొమ్మ కదా.

చివరన మా పిల్ల. చెయ్యి ఎడంగా పెట్టి, కళ్ళు ఎక్కడో పెట్టి.

వదిన వంగి బిళ్ళని తాకింది. పిల్ల గాలి పీల్చుకుని ఆగింది, మొదలుపెట్టింది. ఉప్పు కొటారు, జెండా, పోలీసులు, జైలు. "తప్పయిందని ఒక్క మాట అంటే వదిలేస్తామన్నారు. నేను అనలేదు" అని ముగించి బొమ్మయిపోయింది.

వదిన బుట్టలోనించి కుంకుమ భరిణె తీసి పిల్ల నొసట పెట్టింది. చెంపలకి పసుపు రాసింది. తమలపాకులు, వక్క చేతిలో పెట్టింది. ఇదేందో నాకు తెలుసు. టీచరమ్మకి తెలీదు, ఆమె కావలి పక్క నుంచి వచ్చింది, చర్చికి పోయే మనిషి. "ఏందమ్మా ఇది?" అని ముందుకొచ్చింది. నేను చెయ్యి పట్టుకున్నాను. "రవంత ఆగు తల్లీ" అన్నాను. ఆగింది.

"అమ్మా" అనింది వదిన, తనకన్నా డెబ్బై ఏళ్ళ పైన చిన్నదాన్ని. "ఆ పొద్దు కటకటాల దగ్గర, తమ్ముడు బాగుండాడా అని అడిగినావు. బాగుండాడని చెప్పినాను. జేజి చెప్పమంటే చెప్పినాను. నువ్వు నమ్మినావా?"

పిల్ల కళ్ళు నా వంక తిరిగినాయి. ఈ సంగతి నేను దానికి చెప్పలేదు. ఎవురూ చెప్పలేదు. దానికి వచ్చింది నిమిషం సేపు మాటలు, అవి అయిపోయినాయి. నమ్మినానని అంటే వదిన ఆ ఆరేళ్ళ పిల్లగానే చచ్చిపోతది.

పిల్ల గాలి పీల్చుకుంది. ఆగింది.

"నమ్మలేదు" అనింది.

గొంతు మా అత్తదని నేను చెప్పను. పిల్ల గొంతే. పొద్దున పాలు తాగనని పేచీ పెట్టిన గొంతే. వదిన మాత్రం "సరే" అనింది. బుట్ట చంకన పెట్టుకుని, ఎవుర్నీ చూడకుండా నడిచి బయటికొచ్చేసింది. ఆటోలో నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. ఇంటికొచ్చి పులుసు మళ్ళీ వేయించుకుని తినింది. అట్టా ఆమె తినడం చూసి ఎన్నాళ్ళయిందో.

తినంది పిల్ల. ఆ రాత్రి చంటోడి సంగతంతా నాచేత చెప్పించుకుంది.

"జేజీ, నమ్మలేదంటే ఏందర్థం? వాడికి బాగలేదని తెలిసి కూడా ఆమె రాలేదనే కదా? నేను ఆమెని చెడ్డదాన్ని చేసినానా?"

"నువ్వెందుకట్టా అన్నావు తల్లీ?"

"తెలీదు. పెద్దజేజి మొగం చూసినాను. ఇంకో మాట అందామనే నోరు తెరిచినాను."

చీరె విప్పేసి స్కూలు బట్టలు వేసుకున్నా నడక మారలేదు. అన్నం తింటా కూడా ఎడం మోచెయ్యి ఒంటికి ఆనేది కాదు. మా కొడుకు విసుక్కున్నాడు. "స్కూల్లో నిమిషం వేషానికి ఇంట్లో నెల్లాళ్ళ నాటకమా?" పిల్ల బదులు చెప్పకుండా చీపురు తీసకోని ఊడిచిన వాకిలే ఊడిచింది. అది ఎవురి కోపమో వాడికి తెలీదు, నాకు తెలుసు.

వదినే చెప్పింది ఒక మధ్యాన్నం. "పిలిచింది నేను. పంపకుండా వచ్చేసినాను. తప్పు గదా అమ్మాయ్."

పిల్లని పీట మీద కూర్చోబెట్టింది. రవికెగుడ్డ ఒళ్ళో పెట్టింది. చేతుల మీద నీళ్ళు పోసింది. మంత్రం లేదు, హారతి లేదు. "అమ్మా, నమ్మినా నమ్మకపోయినా, నువ్వు నాతో మాట్లాడినావు. నాకు చాలు. ఇంక పో" అనింది. గడప దగ్గర పో అని ఎవుర్నీ అనం మేము, పోయి రా అంటాము. వదిన పో అనే అనింది. పిల్లతో, "ఈ వాకిట్లో పోయి గుంట కట్ట దాకా నడిచి, పెరటి వాకిట్లో రా. వెనక్కి చూడబాక" అనింది.

పిల్ల పోయింది. మేమిద్దరం పెరటి తలుపు వంక చూస్తా కూర్చున్నాము. చానాసేపు రాలేదు.

"అంతదూరం పోయిందేందమ్మాయ్?" అనింది వదిన. ఆమె చెయ్యి నా చెయ్యి పట్టుకుంది.

తలుపు తోసుకుని వచ్చింది పిల్ల, చెప్పులు చేతిలో పట్టుకుని, మోకాళ్ళ దాకా బురదతో. నేను దాని మోచెయ్యి వంక చూడలేదు, కావాలనే. అది వదిన ముందర కూర్చుంది.

"పెద్దజేజీ, ఆ చంటోడి పేరేంది? ఎవురూ చెప్పలేదు నాకు. రాయి మీదా లేదు."

"ఏ పేరుంటది? మీ తాత పేరే."

మీ తాతంటే మా ఇంటాయన.

"చచ్చిపోయినోడి పేరు తాతకి పెట్టినారా?"

"పెట్టలేదు" అనింది వదిన. "మా అమ్మ వాణ్ణి పిలవడం మానలేదు. అంతే."

ఆ పేరు నేను రాయను, మొగుడి పేరు నా నోట ఎన్నడూ రాలేదు. ఆయన్ని మాత్రం మా అత్త పొద్దస్తమానం పిలిచేది. వరి కయ్యలో ఉన్నా, అన్నం ముందర కూర్చున్నా, ఆ పిలుపుకి లేచి పరిగెత్తేవాడు. తీరా పోతే, "ఏంలేదులేరా, ఉన్నావా అని" అనేది.